పాలపిట్టలో పరాయి ముక్క

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు రాశుల మధ్య నిలబడ్డ నాగేందర్‌ను వెనక నుంచి ఎవరో అడిగారు.

"కొమ్ములు కావాల్నా, పొడి కావాల్నా?"

"రెండూ వద్దు. విత్తనం కావాలె."

కోడ్ వర్డ్ సరిపోయింది. అడిగింది అతని గూఢచారి విభాగం చీఫ్ భానుప్రసాద్. తలకు తువ్వాల చుట్టుకుని అచ్చం దళారీలా ఉన్నాడు.

"పాలపిట్ట ప్రమాదంల పడ్డది," అన్నాడు.

పాలపిట్ట అంటే ఒక యూనివర్సిటీలో తయారైన సాఫ్ట్‌వేర్. జీపీఎస్ అందకపోయినా నేలను చూసుకుంటూ డ్రోన్‌ను నడిపిస్తుంది. చెరుకు తోటల కోసం చేశారు, ఇప్పుడు సైన్యమూ వాడుతోంది. దాన్ని కాపాడటానికే వానాకాలం నుంచి నాగేందర్ ఆ యూనివర్సిటీ లైసెన్సింగ్ ఆఫీసులో ప్రేమ్ అనే పేరుతో కోడ్ ఆడిటర్‌గా చేరి ఉన్నాడు.

"రేపు బోధన్‌ల సభ పెట్టి, పాలపిట్టతో నడిచే డ్రోన్‌ను మొదటిసారి ఈస్ట్‌బే కంపెనీకి ఇస్తున్నరు. అది విదేశీ ముఠా ముసుగు. వాళ్ల మనిషి మన కోడ్‌ల ఎవరైనా ఉచితంగ వాడుకునే ఓపెన్ సోర్స్ ముక్క ఒకటి కలిపి పోయిండు. దాని లైసెన్స్ షరతు తెలుసు కదా?"

"కలిపినదాన్ని ఎవరికిచ్చినా, మొత్తం సోర్స్ కోడ్ కూడా ఇయ్యాలె."

"అంతే. దొంగతనం అక్కర్లేదు. డ్రోన్ చేతికందితే చాలు, కోర్టుకు పోయి హక్కుగ అడుగుతరు."

"కార్యక్రమం ఆపేస్తే?"

"ఈ సంగతి చెప్పింది వాళ్ల లాయర్ కావ్య. ఆపితే ఆమె మీదనే అనుమానం. బతకనియ్యరు. చప్పుడు లేకుండ ఆ ముక్క తీసెయ్యి. ఒకటి గుర్తుంచుకో. ఆమె మనకూ పనిచేస్తది, వాళ్లకూ పనిచేస్తది. ఎవరికెక్కువో నాకు తెల్వదు."

నాగేందర్‌కు ఆమె తెలుసు. లైసెన్స్ చర్చలకు ఆఫీసుకు వచ్చినప్పుడల్లా "తిన్నరా?" అని అతన్ని అడిగే మనిషి కావ్య ఒక్కతే.

బోధన్‌లో అద్దెగదికి చేరి, చేతి వాచీలోని స్కానర్‌ను లాప్‌టాప్‌కు కలిపాడు. కోడ్ అంతా జల్లెడ పట్టినా ఏమీ దొరకలేదు. ముక్క మీది లైసెన్స్ వాక్యాలు చెరిపేసి, పేర్లు మార్చేశారు. పక్కింట్లో ఎవరో పిల్లలను అన్నానికి పిలుస్తున్నారు. ఆ పిలుపు వింటూ చల్లారిన రొట్టె తిన్నాడు.

మర్నాడు చెరుకు తోట పక్కన షామియానా వేశారు. కావ్య కారు దిగింది. నీలం చీర, నల్ల కళ్లద్దాలు. అందరూ అటే చూశారు. ఆమె నేరుగా చెరుకు రసం బండి దగ్గరికి వచ్చి, అతని చేతికి గ్లాసు ఇచ్చింది.

"ప్రేమ్ గారూ, కెమెరా బొమ్మలు కుదించే ముక్క చూసిన్రా? ఎవరు రాసిన్రో గని, మస్తు రాసిన్రు."

తను వెతికే ముక్క అదేనని చెప్తోంది. ఉచ్చు కూడా కావచ్చు. ఆ ముక్క తీస్తే డ్రోన్ అందరి ముందూ కూలిపోవాలని ఆమె చూస్తూ ఉండవచ్చు.

"ఎందుకు చెప్తున్నరు?"

"ఈ రాత్రికి వెళ్లిపోతున్న. మళ్ల రాను. మీ అసలు పేరన్న చెప్పండి."

అతను గ్లాసు బండి మీద పెట్టాడు.

"ప్రేమే," అన్నాడు.

ఆమె "సరే ప్రేమ్ గారూ. టైముకు తినండి," అని వెళ్లిపోయింది.

ఆమె మాట నమ్మాడు. జీపులో కూర్చుని ఆ ముక్క పీకేసి, అదే పని చేసే ఇంకో ఓపెన్ సోర్స్ ముక్క పెట్టాడు. సోర్స్ ఇమ్మని అడగని లైసెన్స్ దానిది. వేదిక మీద లైసెన్సింగ్ డైరెక్టర్ విమలమ్మ ప్రసంగం ముగించింది. ఈస్ట్‌బే ప్రతినిధి డ్రోన్ కోసం చేతులు చాచాడు.

"మేడం, ఆఖరి అప్‌డేట్," అంటూ నాగేందర్ కేబుల్ తగిలించాడు.

ప్రతినిధి నవ్వు మాయమైంది. అతని వేళ్లు డ్రోన్‌కు తగులుతుండగా అప్‌డేట్ పూర్తయినట్టు పచ్చలైటు వెలిగింది. డ్రోన్ లేచి, చెరుకు పైన గుండ్రంగా తిరిగి వచ్చి బుద్ధిగా వాలింది. అందరూ చప్పట్లు కొట్టారు. వాటి మధ్యే కావ్య కారు వెళ్లిపోయింది.

కోర్టు నోటీసు ఎన్నటికీ రాలేదు. వారం తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు.

"కావ్య సరిహద్దు దాటింది. క్షేమమే. ఎక్కడని అడగకు. ఇంకో మాట, ఈ ఆపరేషన్ కాయితాల మీద నీ పేరుండదు."

"తెలుసు సార్."

అప్పుడతను పాలపిట్ట ఫైళ్లలో మిగిలిన చివరి పని చేస్తున్నాడు. కొత్తగా పెట్టిన ముక్క లైసెన్స్‌లో ఒకటే షరతు ఉంది, రాసినవాడి పేరు చెరపకూడదు. ఎక్కడుంటాడో తెలియని ఆ మనిషి ఇంత పనీ ఉచితంగా ఇచ్చి పేరు మాత్రం అడిగాడు. నాగేందర్ ఆ పేరును అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాడు.

తనకైతే, పేరు లేకున్నా, జీతమైనా వస్తుంది.