పెద్దకోడలి గొంతు

"ఈ సీరియల్ చచ్చిపోయి నాలుగు నెలలైందండీ. శవాన్ని ఇంకా రోజూ చూపిస్తున్నారు."

వాచీలు బాగుచేసే అతను తలెత్తకుండానే అన్నాడా మాట. కుడికంటికి భూతద్దం, చేతిలో చిన్న పట్టకారు, ముందు మూత తీసిన వాచీ. గోడకున్న టీవీ మోగుతూనే ఉంది. అతను దానివైపు చూడడం లేదు. వింటున్నాడంతే.

బ్యాటరీ మార్పించుకుందామని వచ్చిన ఆమె చటుక్కున టీవీవైపు తిరిగింది.

"ఎందుకని?" అంది.

"పెద్దకోడలి గొంతు మార్చేశారు. ముఖం అదే, ఏడుపూ అదే, మాట మాత్రం ఎవరిదో... మీకు జలుబా?"

ఆమె తలూపింది.

జలుబు కాదు. ఆ పెద్దకోడలికి ఆరేళ్లపాటు గొంతిచ్చింది ఆమే. ఒకసారి చెబితే మళ్లీ చెప్పించాల్సిన పని ఉండేది కాదని డబ్బింగ్ స్టూడియోలో 'వన్ టేక్' అని పిలిచేవారు. ఐదు నెలల క్రితం మెడలో గడ్డకు ఆపరేషన్ చేసినప్పుడు గొంతు నరం దెబ్బతింది. పాత గొంతు ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. మిగిలింది ఈ బొంగురు, గాలి ఎక్కువ, మాట తక్కువ. ఇప్పుడొక ఆఫీసులో కాగితాలు టైపు చేస్తోంది. ఆ ఉద్యోగంలో ఆమెకు నచ్చింది ఒక్కటే, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

"కొత్తమ్మాయి కూడా బాగానే చెబుతోందిగా."

"బాగానే చెబుతోంది. బాగా చెప్పడం లేదు. ఆ రెంటికీ తేడా తెలియకే మన టీవీ ఇలా తగలడింది."

ఆమెకు ఒళ్లు మండింది. ఆ కొత్తమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది తనే!

"అన్నీ తెలిసినట్టు మాట్లాడతారే! మీరసలు చూడనే చూడరు."

"సీరియల్ ఎవరు చూస్తారండీ? కూరలు తరుగుతూ వింటారు, బట్టలు మడతపెడుతూ వింటారు. సినిమాకి కళ్లు కావాలి, నవలకి ఓపిక కావాలి, సీరియల్‌కి చెవులుంటే చాలు. ఇదిగోండి, మీ వాచీ."

దెబ్బలాట సగంలో ఆగిపోయింది. అలా ఆగిపోవడం ఆమెకు నచ్చలేదు.

నాలుగు రోజులకు వాచీ పట్టీ వదులైందని వెళ్లింది. వారానికి అక్క వాచీ ఆగిపోయిందని వెళ్లింది. ఆ తర్వాత హాల్లో గోడ గడియారం.

"మనింట్లో గడియారాలన్నీ ఇలా వరసపెట్టి చెడుతున్నాయేమిటే?" అంది అక్క, నవ్వు దాచుకుంటూ.

అతనికి అన్నిటి మీదా అభిప్రాయాలే. సినిమాలకూ సీరియళ్లకూ నవలలకూ పదికి మార్కులు వేసేవాడు. నవల మూసేశాక కూడా అందులో మనుషుల గురించి రెండు రోజులు బెంగ ఉండాలనేవాడు. విలన్‌కి కారణం లేని సినిమాకి మూడు దాటనిచ్చేవాడు కాదు. వానొచ్చిన రోజు స్టూలు లాగి వేసి, "కూర్చోండి, ఇది ఇప్పట్లో తగ్గదు" అనేవాడు. బయట వాన, లోపల వాదన. ఎప్పుడైనా తన మాట నెగ్గితే, నవ్వు కనబడకుండా ఆమె వానవైపు తిరిగేది.

రెండు నెలలు గడిచాక, అలాంటి ఒక వాన మధ్యాహ్నమే అతను తెల్లకాగితం ముందుకు జరిపాడు.

"ఛానల్‌వాళ్లకి ఉత్తరం రాయాలండీ. నా రాత నాకే అర్థం కాదు. మీరు రాసి పెడతారా?"

ఆమె పెన్ను తీసుకుంది. అతను భూతద్దంలోంచి వాచీని చూసుకుంటూనే చెప్పసాగాడు.

"అయ్యా, తండ్రి పోయాడని ఫోనొచ్చిన రోజు పెద్దకోడలు 'సరే, ఉంటాను' అంటుంది. ఏడవదు. ఫోను పెట్టేస్తుంది, అంతే. అది విని నేను చేస్తున్న పని పక్కన పెట్టేశాను. మా అమ్మ పోయిన ఏడాదంతా ఈ కొట్లో నాకు తోడున్నది ఆ గొంతొక్కటే. ఆవిడ ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో దయచేసి... రాస్తున్నారా?"

పెన్ను ఆగిపోయింది.

"ఆ రోజు డైరెక్టరు ఏడుస్తూ చెప్పమన్నాడు," అందామె. "నేను ఒప్పుకోలేదు."

"ఎవరు?"

"నేనే."

అతను భూతద్దం తీశాడు. రెండు కళ్లతో ఆమెను చూశాడు. ఆ తర్వాత, ఆలోచించకుండానే, నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఏదీ... ఒక్కసారి ఆ మాట అనండి."

ఆమె నోరు తెరిచింది. గాలి వచ్చింది. మాట రాలేదు. టీవీలో కొత్తమ్మాయి మాట్లాడుతూనే ఉంది. అతని ముఖం వాడిపోయింది. వెంటనే సర్దుకున్నాడు కానీ, ఆమె చూడనే చూసింది. గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి నడిచి వెళ్లిపోయింది.

మూడు వారాలు ఆ వీధివైపు వెళ్లలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె కొట్లోనే వదిలేసిన గోడ గడియారం చంకలో పెట్టుకుని అతనే వచ్చాడు. అక్క తలుపు తీసి, "రా బాబూ, కూర్చో" అని లోపలికి వెళ్లింది.

"ఆ రోజు నా ముఖం చూసి వెళ్లిపోయారు," అన్నాడు. "బాధపడ్డాను, నిజమే. ఆ గొంతు పోయిందని తెలిస్తే బాధపడనా?"

"మీకు కావలసింది ఆ గొంతే. అది లేదు. ఇంక నాతో పనేముంది?"

అతను గడియారాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఆ గొంతు అన్నిసార్లూ బాగుండేది కాదులెండి."

వంటింట్లో అక్క చేతిలో గిన్నె జారిపడింది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆ గొంతు గురించి అందరూ మంచే చెప్పారు. బంధువులూ, స్టూడియోవాళ్లూ, చివరికి అక్క కూడా. పోయినవాళ్ల గురించి మాట్లాడినట్టే. పోయినవాళ్లకి తప్పులుండవుగా.

"ఏమిటీ?" అందామె.

"ఆస్పత్రి ఎపిసోడ్లు. మూడు రోజులు ఏడ్చారు. మొదటి రోజుకి ఎనిమిది మార్కులు. తక్కిన రెండింటికీ కలిపి రెండు. అతి."

"అతా! పేజీన్నర ఏడుపు రాసి చేతిలో పెట్టారు తెలుసా? మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి కామా కూడా లేదు! అందులోనూ రెండో రోజు నేను చాలా తగ్గించి చెప్పాను. మీరు సరిగ్గా వినుండరు..."

గొంతు చీలింది. దగ్గొచ్చింది. అయినా ఆగలేదు. ఆపరేషన్ తర్వాతి ఎనిమిది నెలల్లో ఆమె అంతసేపు మాట్లాడింది లేదు. మాట బొంగురుపోయిన ప్రతిసారీ మెడ మీదికి వెళ్లే చెయ్యి, ఈసారి అతని ముఖం ముందు ఆడుతోంది.



"మూడు మార్కులు కలుపుతాను," అన్నాడు చివరికి.

"అక్కర్లేదు." ఆమె ఆయాసపడుతూ కూలబడింది. "చూశారుగా. ఇది ఇంతే. బాగుపడదు. పెళ్లయి పదేళ్లయినా ఇదే గొంతు."

"పెళ్లి మాట నేనింకా ఎత్తలేదండీ."

ఆమె నాలుక కరుచుకుంది.

"ఎత్తుదామనే వచ్చాను," అన్నాడు మెల్లగా. "ఈ గొంతుతో మీరు పోట్లాడుతుంటే వినాలనుంది. పాతది గుర్తొస్తే నాకు దిగులేస్తుంది, వెయ్యదని అబద్ధం చెప్పను. ఆ దిగులంతా మీరొక్కరే మొయ్యడమెందుకు? ఇద్దరం పడదాం."

అక్క టీ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఒప్పుకోవే," అంది. "నీ తప్పులు ఎంచేవాడు దొరికాడు. నావల్ల కాలేదది."

ఆమె ఒప్పుకుందో లేదో నోటితో చెప్పలేదు. ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఆపరేషన్ తర్వాత పైకి ఏడవడం అదే మొదలు. ఆ ఏడుపు ఎక్కడికక్కడ తెగిపోతూ, గరగరమంటూ, వినడానికి ఏమీ బాగాలేదు. అతను లేచి వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది.