సున్నా నంబర్ రన్

టెస్ట్ ఇంజనీరు గుండెపోటుతో పోయాడని పోస్ట్‌మార్టం రిపోర్టు చెప్పింది. ముప్పై ఏళ్ళవాడు, రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాడు, తాళం వేసిన టెస్ట్ గదిలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ రిపోర్టు రాసిన డాక్టరు మర్నాడే లాంగ్ లీవ్ పెట్టి ఎటో వెళ్ళిపోయాడు.

"గుండె గట్టిదే. ఊపిరే అందలేదు," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, ఫైలు మూసి.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో అందరూ చీమ అంటారు. సన్నగా ఉంటాడు, ఏ సందులోనైనా దూరి బయటపడతాడు. చీఫ్ అతనికి పై అధికారే కాదు, పిల్లనిచ్చిన మామ కూడా.

"ఎవరి పని మామయ్యా ఇది?"

"ఆఫీసులో మామయ్య అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"సారీ సర్."

చీఫ్ శాంతించాడు. "మన రహస్య సందేశాల మెషీన్లన్నిటికీ కొత్త ప్రాసెసర్ పెట్టబోతున్నాం. పోటీలో రెండు మిగిలాయి. ఒకటి మనది, పాతది. రెండోది ఒక విదేశీ కంపెనీది. ఆ కంపెనీ వెనకున్నది దేశాల రహస్యాలు కాజేసి అమ్ముకునే గొడుగు ముఠా. రేపు ఫైనల్ బెంచ్‌మార్క్, అంటే వేగం పరీక్ష. ఒకే లెక్కని సి, జావా, పైథాన్ మూడు లాంగ్వేజీల్లో రాసి, రెండు ప్రాసెసర్ల మీదా నడిపిస్తారు. ఏది ఫాస్టో దానికి సరిగ్గా ఒంటిగంటకి కమిటీ సంతకం. పోయిన కుర్రాడి బదులు ఇంజనీరుగా నువ్వు వెళ్తున్నావు. నేను కమిటీలో కూర్చుంటాను."

"మీకు కంప్యూటర్లు తెలుసా సర్?"

"మెయిల్ తెరవడం మా అమ్మాయి నేర్పింది. చాలదా?" చీఫ్ గొంతు తగ్గించాడు. "ప్రాణం మీదకొస్తే కోడ్, నాలుగు నాలుగులు. ఎలాగోలా నా కంట పడెయ్. మిగతాది నేను చూసుకుంటా. అన్నట్టు, ఆ కంపెనీలో డెమో ఆఫీసరుగా ఉన్న మేడమ్ మన మనిషే."

గాడ్జెట్ విభాగం పెద్దాయన చీమ చేతికి ఒక వాచీ తొడిగాడు. అందులో లేజరుంది. రెండంగుళాల ఉక్కుని వెన్నలా కోస్తుందన్నాడు.

*

టెస్ట్ గది తలుపు మందం నాలుగంగుళాలు. చీమ దాన్ని చూసి, చేతి వాచీని చూసి, గాడ్జెట్ పెద్దాయన్ని మనసులోనే నాలుగు తిట్టాడు.

బట్టతల విగ్గు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, జేబులో మూడు పెన్నులు. ఇంజనీరు వేషం బాగానే కుదిరింది. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు. పదిన్నరకి తలుపు పడింది. ఒకసారి పడితే టెస్ట్ అయ్యేదాకా తెరుచుకోదు, మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదని రూలు. కిటికీల్లేవు. ఏసీ చలి ఎముకలు కొరుకుతోంది. గోడమీద ఒక స్క్రీన్, అందులో కమిటీ గది బొమ్మ వస్తుంది గానీ మాట రాదు. ఇటునుంచి అటు పోయేవి అంకెలు మాత్రమే, ఏ రన్ ఎన్ని సెకన్లు పట్టిందో ఆ పట్టిక.

రెండో కుర్చీలో మేడమ్ కూర్చుంది. ఎర్రటి సిల్కు బ్లౌజు, తలతిప్పితే మెరిసే చెవిపోగులు. ఆ గదిలో మెరిసేది ఆవిడొక్కతే.

"ఇక్కడ చలి ఎక్కువ కదండీ," అంది.

"చలి కాదండీ, లెక్కల భయం," అన్నాడు చీమ.

ముందే అనుకున్న గుర్తు మాటలు కలిశాయి. మేడమ్ నవ్వింది. ఆ నవ్వుకి చీమ కాస్త స్థిమితపడ్డాడు. పడకుండా ఉండాల్సింది.

కొత్త ప్రాసెసర్ మీద సి అయిపోయింది. సగటు 2.1 సెకన్లు. జావా అయిపోయింది. 2.1 సెకన్లు. చీమ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. వచ్చేముందు రెండు రోజులు పాఠం చెప్పించుకున్నాడు. సి పరిగెడుతుంది, జావా ఒళ్ళు వేడెక్కాక అందుకుంటుంది, పైథాన్ తీరిగ్గా నడుస్తుంది. ఆ నడక తేడా ఏ ప్రాసెసర్ మీదైనా కనబడాలి. పాత ప్రాసెసర్ మీద కనబడింది కూడా. ఇక్కడ మాత్రం అందరూ ఒకే క్షణంలో గమ్యం చేరుతున్నారు.

వంగి కీబోర్డు సర్దబోతే దాని అడుగున పెన్సిల్ రాత కనిపించింది. చీఫ్ ఫైల్లో చూసిందే, పోయిన ఇంజనీరు చేతిరాత. "సున్నాని పారెయ్యకండి."

ఊపిరి పోతున్నప్పుడు ఆ కుర్రాడు రాసిన మాట అది.

బెంచ్‌మార్క్ వాళ్ళు లెక్క సున్నా నుంచి మొదలుపెడతారు. సున్నా నంబర్ రన్ వార్మప్పు. మెషీన్ ఇంకా వేడెక్కలేదని ఆ అంకె తీసేసి మిగతా పదింటి సగటు చూస్తారు. ప్రపంచంలో ఏ ఇంజనీరూ సున్నాని రెండోసారి చూడడు. చీమ చెత్తబుట్ట ఫోల్డర్ తెరిచి చూశాడు.

సి, సున్నా రన్: 90 సెకన్లు. జావా, సున్నా రన్: 140. ఆ తర్వాతవన్నీ 2.1.

"ఇది లెక్క చేయట్లేదు," అన్నాడు చీమ మెల్లిగా. "మొదటిసారి చేసింది బట్టీ పట్టి, తర్వాత అదే అప్పజెప్తోంది. అంటే దీంట్లో ఏం నడిపినా గుర్తుపెట్టుకుంటుంది. రేపు మన సందేశాలన్నీ..."

"గొడుగు వాళ్ళొచ్చి అడిగితే వాళ్ళకీ అప్పజెప్తుంది," అని వాక్యం పూర్తి చేసింది మేడమ్. చెవిపోగుని వేలితో నొక్కింది. పైకప్పు దగ్గర గొట్టం మీద ఎర్రదీపం వెలిగింది.

"మీరు మా మనిషేనని మా వాళ్ళు అన్నారు!"

"మీ వాళ్ళూ అలాగే అంటారు, మా వాళ్ళూ అలాగే అంటారు. సున్నాని చూసినవాళ్ళు బయటికి వెళ్ళకూడదని ఆర్డరు. టెస్ట్ పూర్తవగానే మంటలార్పే గ్యాసు దిగుతుంది. మూడు నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంటుంది. గుండెపోటు." హ్యాండ్‌బ్యాగు లోంచి చిన్న మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "సారీ అండీ. ఒక్కటే ఇచ్చారు."

"టెస్ట్ ఆపేస్తే?"

"ఆపినా పూర్తయినట్టే. సాగదీసినా ఒంటిగంటకి టైమరు దానంతటదే కట్ చేస్తుంది."

చీమ గోడలు చూశాడు. తలుపు చూశాడు. ఏ సందులోనైనా దూరేవాడికి గాలి దూరే సందు కూడా దొరకలేదు. అప్పుడు మాస్కుకున్న చిన్న డయల్ మీద కన్ను పడింది.

"మేడమ్, ఆ ముల్లు సున్నా మీదుంది."

ఆవిడ కిందికి చూసింది. సిలిండరు ఊపింది. తిప్పింది. గోటితో కొట్టింది. ఖాళీది. మొహం మీద రంగులుండిపోయాయి గానీ లోపలి రంగంతా దిగిపోయింది.

"నన్ను కూడానా..." అంది.

"మీరూ చూశారుగా సున్నాని."

"ఈ చెవిపోగుతో ఆన్ చేయడమే ఇచ్చారు. ఆఫ్ చేయడం ఇవ్వలేదు." ఆవిడ ఖాళీ సిలిండరుని గోడకేసి కొట్టింది. "ఏదైనా చెయ్యండి! మీరు ఏజెంటు కదా!"

"ప్రోగ్రాం మార్చకుండా మీ కంపెనీ వేసిన పాస్‌వర్డ్ చెప్పండి."

చెప్పింది. టైము పన్నెండు ఇరవై.

పైథాన్ ఇంకా మొదలవలేదు. చీమ ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చాడు. ఇదివరకు ప్రతి రన్‌కీ అదే ప్రశ్న. ఇప్పుడు రన్‌కొక కొత్త ప్రశ్న. బట్టీ కొట్టినవాడికి ప్రశ్నపత్రం మారిస్తే ఏమవుతుందో చూద్దామని ఎంటర్ కొట్టాడు.

మొదటి రన్: 206 సెకన్లు. రెండోది: 209. గోడ స్క్రీన్లో కమిటీ సభ్యులు కళ్ళజోళ్ళు తుడుచుకున్నారు. కంపెనీ డైరెక్టరు లేచి చేతులు ఊపుతూ ఏదో సర్దిచెబుతున్నాడు. మూల కుర్చీలో చీఫ్ గడ్డం ఛాతీకి ఆనించి నిద్రపోతున్నాడు.

"మామయ్యా!" అని అరిచాడు చీమ. స్క్రీన్‌కి వినబడుతుందా!

"ఆయనెవరు?" అంది మేడమ్.

"నా ప్రాణం ఆయన చేతిలో ఉంది. ఆయన నిద్రలో ఉన్నాడు."

పోయేవి అంకెలు మాత్రమే. పాత ప్రాసెసర్ ఖాళీగా ఉంది. చీమ దానిమీద సి ప్రోగ్రాంని మళ్ళీ ఎక్కించి, మధ్యలో కాసేపు ఊరికే ఆగమని ఒక లైను చేర్చాడు. పొద్దున మూడు సెకన్లలో అయిన పని. ఈసారి 41.90. మళ్ళీ సర్దాడు. 44.71. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయి. మూడోసారి, నాలుగోసారి, తొమ్మిదోసారి. పన్నెండు నలభై ఎనిమిదికి పట్టికలో పడింది: 44.44.

కమిటీ గదిలో గోల మొదలైంది. ఒకాయన బోర్డు మీద బొమ్మలు గీస్తున్నాడు, ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ తప్పని కాబోలు. ఇంకొకావిడ కాదంటూ తల అడ్డంగా ఆడిస్తోంది. మూడో ఆయన ఆ అంకె మీద అడ్డగీత కొట్టమని సైగ చేస్తున్నాడు. కొలతలో ఏదైనా తేడాగా కనిపిస్తే తీసి పారేయడం వాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు.

"కొట్టెయ్యకండి, మీకు దండం పెడతాను," అన్నాడు చీమ స్క్రీన్‌కి చేతులు జోడించి.

ఆ గోలకి చీఫ్ కళ్ళు తెరిచాడు. అందరూ చూస్తున్న వైపు చూశాడు. ఆ గదిలో కంప్యూటర్ల గురించి ఏమీ తెలియనివాడు ఆయనొక్కడే కాబట్టి, ఆయనకది సెకన్లలా కనబడలేదు. నాలుగు నాలుగుల్లా కనబడింది. కుర్చీ వెనక్కి పడింది. చీఫ్ తలుపు వైపు పరిగెత్తి స్క్రీన్ లోంచి మాయమయ్యాడు.

పైథాన్ తొమ్మిదో రన్. నెమ్మదిగా, నింపాదిగా నడుస్తోంది. అది ఎంత మెల్లగా నడిస్తే అన్ని ఊపిర్లు మిగులుతాయి. మేడమ్ మోకాళ్ళు పట్టుకుని నేలమీద కూర్చుంది.

"మీకు ఎవరున్నారండీ?" అంది.

"భార్య ఉంది. మీకు?"

"నాకు రెండు దేశాలున్నాయి," అని ఏడ్చేసింది.

పదో రన్ 207 సెకన్లు. టెస్ట్ కంప్లీట్. పన్నెండు యాభై ఎనిమిది.

గొట్టం బుస్సుమంది. చీమ ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకున్నాడు. ఒకటి. రెండు. చప్పుడు సన్నబడింది. ఆగిపోయింది.

కళ్ళు తెరవడానికి ధైర్యం చాలలేదు. తలుపు అవతల ఇనుము మీద ఇనుము మోగుతోంది. నిమిషం తర్వాత నాలుగంగుళాల తలుపు పక్కకి జరిగింది. ఒక కాలికి బూటు లేకుండా, చొక్కాకి గ్రీజుతో, చేతిలో పెద్ద పానాతో చీఫ్ నిలబడి ఉన్నాడు. పోయిన కుర్రాడికి ఊపిరందని సంగతి గుర్తొచ్చి, కిందికెళ్ళి గ్యాసు వాల్వుని తనే తిప్పాడట.

"బతికే ఉన్నావా అల్లుడూ?"

"ఆఫీసులో అల్లుడు అనొద్దు సర్."

చీఫ్ పానా కింద పడేసి అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. వెనక ఇద్దరు గార్డులు మేడమ్‌ని లేవదీశారు. పైన కమిటీ కలాలకి మూతలు పెట్టేసింది. కంపెనీ డైరెక్టరు బాత్రూముకని వెళ్ళి గేటు దగ్గర దొరికాడు.

గేటులో ఫోను ఇచ్చీ ఇవ్వగానే మోగింది. భార్య.

"పన్నెండున్నరకి వస్తానన్నారు. ఒంటిగంట దాటిపోయింది. ఏమైంది?"

"సిస్టమ్ స్లోగా ఉందే," అన్నాడు.

"ఒక్కరోజైనా నిజం చెప్పకూడదా?" అని ఆవిడ ఫోను పెట్టేసింది. పెళ్ళయిన ఆరేళ్ళలో అతను ఆవిడకి చెప్పిన మొదటి నిజం అది.