వెనక బెంచీ వన్స్ మోర్

పిల్లప్పకు భయమంటే ఏమిటో తెలియదని కంపెనీలో అందరూ అనేవాళ్ళు. ఆ మాట పుట్టించినవాడూ పిల్లప్పే. నిజానికి బల్లి మీద పడితే పంచె ఊడిపోయేలా ఎగిరేవాడు. ఆ సంగతి బల్లికి తెలుసు, మనకు తెలుసు. ఇంకెవరికీ చెప్పొద్దు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. బెంగళూరులో సోల్జర్లుండే దండు వైపు, రేకుల కప్పు వేసిన పెద్ద కొట్టంలో వాళ్ళ తెలుగు నాటకాల కంపెనీ ఆ ఏడు మకాం వేసింది. దేవనహళ్ళి నుంచి బండ్లు కట్టుకుని, బొమ్మనహళ్ళి నుంచి కాలినడకన జనం వచ్చేవాళ్ళు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా రాగం తీసేసరికి ఈలలు వేసే తెల్ల సోల్జర్లూ వచ్చేవాళ్ళు. పద్యం నచ్చితే "వన్స్ మోర్!" అని అరవడం జనం హక్కు. మళ్ళీ పాడటం నటుడి ధర్మం. చచ్చి పడున్న రాజైనా సరే, లేచి, కిరీటం సర్దుకుని, పాడి మళ్ళీ చావాల్సిందే.

పిల్లప్ప ఇన్నేళ్ళూ హాస్యగాడు. ఆ రోజు అతని జాతకం తిరిగింది. రాజు వేషం కట్టే ఆదినారాయణప్పకు గొంతు పూడుకుపోయింది.

"ఈ పొద్దు ఆటలో నువ్వే రాజు. పద్యం పండితే వేషం నీకే. ఎండితే మళ్ళీ కోతి తోక కట్టుకో" అన్నాడు కంపెనీ యజమాని వెంకటరాయప్ప.

అందుకే మధ్యాహ్నం అందరూ సంగటి తిని సత్రంలో పడుకుంటే, పిల్లప్ప ఒక్కడే సాధన చేసుకుందామని కొట్టానికి వచ్చాడు. వాకిట్లో నంజమ్మ కూర్చుని వత్తులు చేస్తోంది. రోజూ ఆట చివర హారతి పట్టి మంగళం పాడేది ఆ ముసలామే.

"యాడికప్పా?"

"సింహాసనం ఎక్కేదానికి పోతాండా అక్కా. అడ్డం లేయ్."

"లోపలికి పోవద్దురా. నిన్న మంగళం పాడలేదు."

నిన్న ఆట ముగిసే వేళకు సైరను కూసింది. విమానాలేవీ రాలేదు, జనానికి అలవాటు చేయడానికి కూయించిన కూత అది. దీపాలన్నీ ఆర్పేశారు. జనం ఒకరినొకరు తోసుకుంటూ బయటపడ్డారు. నంజమ్మ ఆ చీకట్లోనే హారతి వెలిగించబోతే పిల్లప్పే ఉఫ్‌మని ఊదేశాడు. "జనం పోయినాక ఎవరికక్కా మంగళం? బెంచీలకా?" అన్నాడు. అందరూ నవ్వారు. నంజమ్మ నవ్వలేదు.

ఇప్పుడూ నవ్వలేదు. "మంగళం వింటేనేరా వచ్చినోళ్ళు లేచి పోయేది. టికెట్టు కొన్నోళ్ళూ... కొననోళ్ళూ."

"కొననోళ్ళ సంగతి గేటుకాడ ఆవులప్ప చూసుకుంటాడులే!" అంటూ ఆమె ఒళ్ళోంచి ఒక వత్తి లాక్కుని లోపలికి దూరాడు.

లోపల మధ్యాహ్నమే లేదు. దీపాల వెలుగు బయటికి పొక్కకూడదని సర్కారు హుకుం. కిటికీలకూ సందులకూ నల్లగుడ్డ కొట్టారు. పైన రేకులు ఎండకు టక్... టక్... అంటున్నాయి. నిన్నటి చెనక్కాయల పొట్టు కాళ్ళ కింద నలిగింది. వాడిన మల్లెపూలు, బీడీ పొగ, ముఖాలకు పూసుకునే రంగు, అన్ని వాసనలూ కలిసి మగ్గుతున్నాయి. పిల్లప్ప స్టేజీ ఎక్కి, తెచ్చిన వత్తి ప్రమిదలో వేసి వెలిగించాడు. ఆ వెలుగు ముందు బెంచీ దాకా పోయి, అక్కడే ఆగిపోయింది.

రాజ్యం పోయిన రాజు అడవిలో పాడే పద్యం ఎత్తుకున్నాడు. ఎంత బాగా వచ్చిందంటే, చివరి రాగం తీసి తనే కళ్ళు మూసుకున్నాడు.

"వన్స్ మోర్..."

వెనక బెంచీ నుంచి. మెల్లగా.

పిల్లప్ప పకపకా నవ్వాడు. "ఆవులప్పా! నాతోనే ఆటలా? నీ చెప్పులో పేడ పెట్టింది నేనేలే, పోనీ ఒప్పుకుంటాండా."

అయినా పొగిడితే చేదెవరికి? మళ్ళీ పాడాడు.

"వన్స్ మోర్..."

ఈసారి ఒక్క గొంతు కాదు. చాలా గొంతులు. అందులో ఒక ఆడగొంతు.

అప్పుడే గోడ అవతల, వీధిలో, ఎవరో సోడాబండి వాడితో తగవు పడుతున్నారు. ఆ గొంతు పిల్లప్పకు బాగా తెలుసు. ఆవులప్పది.

మరి లోపల...?

చీకట్లో ఒక ఎర్రచుక్క వెలిగింది. బీడీ కొన. దాని పక్కన ఇంకొకటి. ఒక వరస. వెనక ఇంకో వరస... అన్నీ ఒక్కసారే ఎర్రబడుతున్నాయి. ఒక్కసారే మసకబారుతున్నాయి. ఆ వెలుగుకు ముఖాలు కనిపించాలి కదా.

కనిపించలేదు.

పిల్లప్ప ప్రమిద వెనక్కి జరిగాడు. మంగళం... మంగళం పాడితే పోతారు! కానీ ఎట్లా మొదలవుతుంది అది? రోజూ నంజమ్మ గొంతెత్తగానే, రంగు కడుక్కోవడానికి అందరికంటే ముందు నీళ్ళతొట్టికి పరుగెత్తేవాడు పిల్లప్ప. మొదటి మాట కూడా రాదు.

"వన్స్ మోర్."

ముందు బెంచీ నుంచి. ప్రమిద వెలుగు అంచు నుంచి.

నోరు తెరిచాడు. గాలి వచ్చింది. గొంతు రాలేదు.

పక్కతెర కదిలింది. హారతి పళ్ళెంతో నంజమ్మ. పిల్లప్ప వైపు చూడనైనా లేదు. బెంచీల వైపు తిరిగి, వణికే గొంతుతో మంగళం పాడింది. ఆమె పాడుతుండగానే ముందు బెంచీ కిర్రుమంది. తర్వాతిది. ఆ తర్వాతిది. పొట్టు నలిగింది. చుక్కలు వరసవరసగా ఆరిపోయాయి. తలుపుకు కట్టిన నల్లగుడ్డ చాలాసేపు ఊగింది.

నంజమ్మ చెవి ఒగ్గి నిలబడింది.

"పిల్లప్పా... వెనక బెంచీ లేచిన చప్పుడు విన్యావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"నేనూ వినలేదు" అంది.

సాయంత్రానికి మిరియాల కషాయంతో మాట బొంగురుగా తిరిగొచ్చింది. రాగం మాత్రం రాలేదు. చెబితే వేషం పోతుంది. అందుకే పిల్లప్ప చెప్పలేదు. కిరీటం పెట్టుకున్నాడు. కొట్టం నిండిపోయింది. మాటలన్నీ ఎట్లాగో గట్టెక్కాయి. పద్యం వచ్చింది. హార్మోనియం మునిస్వామి శ్రుతి అందించాడు. పిల్లప్ప నోరు తెరిచాడు.

గాలి.

అయిపోయింది... కోతి తోకే...

పద్యం మొదలైంది. కమ్మగా, నిండుగా. అతని గొంతే. అతని రాగమే. వెనక బెంచీ నుంచి.

ఎవరూ వెనక్కి తిరగలేదు. అందరి కళ్ళూ రాజు మీదే. పిల్లప్ప ఏం చేస్తాడు, పెదవులు ఆడించాడు. పద్యం ముగిసింది. రేకులు లేచిపోయేలా "వన్స్ మోర్!" అని అరిచారు. పిల్లప్ప ఈసారి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. రాజు దుఃఖం అనుకుని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

పద్యం మళ్ళీ మొదలైంది.

నంజమ్మ మంగళం పాడింది. జనం లేచిపోయారు. దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతుంటే వెంకటరాయప్ప పరుగున వచ్చి పిల్లప్పను కావలించుకున్నాడు.

"ఏం గొంతురా నాయనా! రేపట్నించి రాజు నువ్వే. ఏమంటావు?"

పిల్లప్ప పెదవులు బిగించుకునే ఉన్నాడు.

"అట్లే కానీ, యజమానీ" అని అతని గొంతే వినిపించింది, వెనక బెంచీ నుంచి.