చల్లారని సున్నం

కాల్చిన సున్నపురాళ్ళు గుంతలో ఇరవై ఒక్క రోజులు నానాలి. తొందరపడితే నానని పలుకులు గోడలో చెమ్మ తగిలి ఉబ్బుతాయి, పూతలో పొక్కులు లేపుతాయి. మేస్త్రీనని జబ్బలు చరుచుకునే నాకు ఈ సంగతి నేర్పింది సున్నం కలిపే అంజవ్వే.

సకల జనుల సమ్మె రోజులవి. సిద్దిపేటలో ఒక పాత బంగళా మరమ్మతు పట్టాను. దసరాలోపు పూర్తి చేస్తానని మాటిచ్చి, నాలుగో రోజే పూతకు సున్నం తీయమన్నాను. సరిపోదని గుంతలో కొత్త రాళ్ళు వేయించాను.

అంజవ్వ గుంత అంచున చెయ్యి పెట్టి చూసింది. "ఇంక సల్లారలే బిడ్డా. గోడకు పెడితె ఊకోదు."

"ముచ్చట్లు తర్వాత, ముందు కలుపవ్వా" అని కసిరాను.

సున్నం కుతకుత ఉడికి ఆమె కళ్ళలోకి చిమ్మింది. కాలు జారి నడుము దాకా గుంతలో పడింది.

బయటికి లాగాను. రోడ్డు మీద రాస్తారోకో. "దవాఖానకు అంటె ఇడుస్తరు బిడ్డా, తీస్కపో" అని బతిమాలింది. నిజమే, విడిచేవాళ్ళు. కానీ దవాఖానలో ఎట్లా జరిగిందని అడుగుతారని భయపడ్డాను.

"బండ్లు బందున్నయవ్వా" అన్నాను.

సాయంత్రానికి పోయింది. ఆ సున్నంతోనే గోడ పూత ముగించాను.

వారం తర్వాత ముసురు పట్టింది. మధ్యాహ్నమే చీకటి. బంగళాలో పూత వేసిన గదిలో నేనొక్కణ్ణే. తడి సున్నం వాసన ఘాటుగా ఉంది.

పుటుక్.

ఒక పొక్కు పగిలింది. ఇంకొకటి... ఇంకొకటి... నేల నుంచి నా నడుము ఎత్తు దాకా గోడంతా పొక్కులే. ఆ పైన ఒక్కటీ లేదు.

చెయ్యి పెట్టాను. కాలింది.

"సల్లారలే..." గోడ లోపలి నుంచి గుసగుస.

అరవబోయాను. ఒక పలుకు ఎగిరొచ్చి గొంతులో పడింది. మింగేశాను.

ఇంటికి చేరి గుక్కెడు నీళ్ళు తాగానో లేదో, కడుపులో కుతకుతమంది. మంట... లోపలంతా మంట.

"ఎల్లవ్వా... దవాఖానకు తీస్కపోవే..." అని నా భార్యను పిలిచాను.

ఆమె మెల్లగా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కిటికీ అవతల ఆటోలు తిరుగుతూనే ఉన్నాయి.

"బండ్లు బందున్నయి బిడ్డా" అంది.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఎల్లవ్వ నన్ను బిడ్డా అని పిలవలేదు. ఆమె చీర అంచు నుంచి నడుము దాకా తెల్లగా తడిసి ఉంది.