లాప్‌టాప్‌లో పాడు బొమ్మలు

పొద్దున్నే మగ్గం ఎక్కే ముందు, కూతురు ఉష నిద్ర లేవకముందే ఆమె లాప్‌టాప్ తెరిచి కొత్త చీరల డిజైన్లు చూడటం గండయ్యకు అలవాటైంది. ఈ వయసులో ఇదేం సోకు అంటారని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మూడు రోజులుగా చీరలకు బదులు సగం బట్టల్లేని బొమ్మలు వస్తున్నాయి. "ఒంటరిగా ఉన్నారా? మాతో మాట్లాడండి" అంటూ ఒకటి మూస్తే రెండు. ఎవరి సంగతో అడిగినట్టు పక్కింటి బాలయ్యను అడిగితే, "ఎవలు ఏం చూస్తే వాళ్లకు గవే వస్తయి బావా" అన్నాడు. తను చూసేవి చీరలు. మరి ఇవి చూసేదెవరు? తను కాక ఆ లాప్‌టాప్ ముట్టేది ఉష ఒక్కతే.

ఆ రోజు పొద్దున బాలయ్య తమ ఇంట్లో చాయ్ తాగుతుండగానే ఉషను పిలిచి తెర చూపించాడు.

"ఏందే గిది?"

"నేను చూడలే బాపు."

"నువ్వు చూడకపోతే మీ అమ్మ చూసిందా?"

వంటింట్లోంచి వచ్చిన భార్య ఆండాళు తెర చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉష ఏదో చెప్పబోయి ఆగింది.

"బాపు, చేనేత కోర్సుకు ఇయ్యాల ఐదింటికి ఆఖరు. గా ఒక్క అప్లికేషన్ పంపనియ్యి."

"నీ చదువు చాలు గని, ఇంట్ల కూసో."

లాప్‌టాప్, ఉష ఫోను బీరువాలో పడ్డాయి. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని గండయ్య నూలు కోసం భువనగిరి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేసరికి ఆరు దాటింది. చౌటుప్పల్‌లో మందుల కంపెనీ డ్యూటీ దిగి వచ్చిన కొడుకు శ్రవణ్‌కుమార్, తల్లి సంగతంతా చెప్పడంతో, గుమ్మంలోనే తాళంచెవి అడిగి తీసుకున్నాడు. లాప్‌టాప్ తెరిచి అటూ ఇటూ నొక్కాడు.

"యాడ్‌వేర్ బాపు. ఎవలో ఫ్రీ అని ఏందో దించుకున్నరు, దాని ఎంబడి గిది దూరింది. ఎవలు ఏం చూసినా గివే చూపిస్తది. గిదిగో, 'ఫ్రీ గ్రాఫ్ డిజైన్స్'. తీసేస్తున్న. ఏ సైటుకు పడితే ఆ సైటుకు పర్మిషన్ గూడ ఇచ్చిన్రు, గవి గూడ బంద్ చేస్తున్న."

బొమ్మలు పోయాయి. గండయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. చీరలో బొమ్మ పడేలా నూలుకు ముడులు కట్టి రంగు వేయాలంటే ముందు గళ్ల కాగితం మీద ఆ బొమ్మ కావాలి. ఏనుగుల బొమ్మలు ఊరికే ఇస్తామంటే, ఇంగ్లీషులో ఏం అడుగుతున్నారో తెలియక కనిపించిన మీటలన్నీ నొక్కింది తనే.

పెరటి వైపు ఉష రాట్నం ముందు కండెలు చుడుతోంది. ఆయన వెళ్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, గది దించుకున్నది నేనే."

"నాకు ఎరికే బాపు. నువ్వు పొద్దుగాల చీరలు చూస్తవని గూడ ఎరికే, గా డిజైన్ల ఫైలు నిన్ననే చూసిన."

"మరి పొద్దున చెప్పకపోతివి?"

"బాలయ్య మామ ముంగట ఎట్ల చెప్తా? నిన్ను ఏమన్న అనుకుంటడని. ఆయన పోయినంక చెప్దామనుకున్న. నువ్వప్పటికే తాళం ఏసుకొని పోయినవ్."

గండయ్యకు ఏడుపు ఆగలేదు. పుట్టినప్పటి నుంచి ఎరిగిన బిడ్డను ఒక్క పూట నమ్మలేకపోయాడు. ఆ పిల్ల మాత్రం తండ్రి పరువు కోసం ఒక ఏడాది చదువును పోగొట్టుకుంది.

కండువాతో మొహం తుడుచుకుని లేచాడు. ఉష "యాడికి బాపు?" అంటున్నా ఆగకుండా పక్కింటి వాకిట్లోకి వెళ్లాడు. అక్కడ నలుగురు కూర్చుని ఉన్నారు.

"బాలయ్యా, పొద్దున నువ్వు చూసిన బొమ్మలు నేను తెచ్చిపెట్టినయి," అన్నాడు అందరికీ వినపడేలా. "నా బిడ్డ తప్పేం లేదు."