తాడు విప్పిన రైడర్

బాస్ కుర్చీకి తొడిగిన వెస్ట్ ధప్పుమని ఉబ్బింది. మెడ దగ్గరి కాలర్ ఒక్కసారిగా పైకి లేచి, దానికి ఆనించి పెట్టిన హెల్మెట్‌ను ముందుకు తోసేసింది. హెల్మెట్ దొర్లుకుంటూ వచ్చి ఏజెంట్ కాళ్ల దగ్గర ఆగింది.

బాస్ చేతిలోని రిమోట్ టేబుల్ మీద పెట్టాడు. "బండి మీద స్పీడులో ఉన్నవాడికి ఇలా అయితే?"

"రోడ్డు కనపడదు సార్. ఆ తర్వాత ఇంకేమీ కనపడదు."

ఆ ఏజెంట్ కోడ్ పేరు తాళంకప్ప. చచ్చినా నోరు విప్పడని డిపార్ట్‌మెంట్ వాళ్లు పెట్టిన పేరు. బయటి లోకానికి మాత్రం అతను సేఫ్టీ ఇన్‌స్పెక్టర్. టెస్టింగ్ ల్యాబ్‌లో హెల్మెట్లను ఎత్తు నుంచి ఇనప దిమ్మ మీదికి పడేసి పగలగొడతాడు, రైడింగ్ జాకెట్ల మోచేతుల్ని గరుకు బెల్టు మీద అరగదీసి చూస్తాడు. సొంత చెల్లెలు కూడా అన్నయ్య ఉద్యోగం అదేననుకుంటుంది.

బాస్ విషయం చెప్పాడు. పొరుగు దేశం మంత్రి ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వస్తున్నాడు. ఆ సంతకం పడటం ఇష్టంలేని విదేశీ ముఠా ఒకటి, ఎస్కార్ట్ దళానికి కొత్తగా వచ్చిన ఎయిర్‌బ్యాగ్ వెస్ట్‌లలో రిసీవర్లు దాచింది. మామూలుగా ఆ వెస్ట్‌ను ఒక తాడుతో బండికి తగిలిస్తారు. రైడర్ ఎగిరి పడితే తాడు లాగుతుంది, గ్యాస్ సిలిండర్ పేలుతుంది, మెడ చుట్టూ పక్కటెముకల చుట్టూ గాలి నిండి ప్రాణం కాపాడుతుంది. ఇప్పుడు తాడుతో పనిలేదు. ఎవడో దూరం నుంచి బటన్ నొక్కితే చాలు. మంత్రి కారు ముందున్న ఎనిమిది బండ్లూ ఒకేసారి పల్టీ కొడతాయి, కారు ఆగుతుంది, మిగతా పని తుపాకులు చూసుకుంటాయి.

రిసీవర్లు పీకేద్దామన్నాడు తాళంకప్ప. బాస్ ఒప్పుకోలేదు. అవి బతికున్నాయో లేదో ముఠా రోజూ సిగ్నల్ పంపి చూసుకుంటోందట. పీకితే పక్షి ఎగిరిపోతుంది. బటన్ నొక్కేవాడు ఫ్లైఓవర్ మీద ఉంటాడని మేడమ్ చెప్పింది, నొక్కేలోపే పట్టుకుంటాం అన్నాడు.

మేడమ్ అంటే వెస్ట్ కంపెనీ డెమో ఆఫీసర్. ముఠాలో ఉంటూ మనకు ఉప్పందించే డబుల్ ఏజెంట్. ఆమె హైహీల్స్ టకటకలాడిస్తూ వస్తే ల్యాబ్‌లో క్రాష్ డమ్మీలు కూడా తల తిప్పుతాయని కుర్రాళ్లు జోకులేస్తారు. బాస్ తల మాత్రం నిజంగానే తిరిగింది, అది జోకు కాదు.

"రైడర్లకు చెప్పొద్దు. తెలిస్తే మొహాల్లో కనపడుతుంది" అన్నాడు బాస్. "ఆ దళంలో మీ బావ ఉన్నాడని నాకు తెలుసు."

తాళంకప్ప సరే సార్ అన్నాడు. అదే అతను చేసిన పాపం. ఒక్క సరే.

కాన్వాయ్ రోజు పొద్దున్న ఫిటింగ్ చూసే నెపంతో చెల్లెలి ఇంటికి వెళ్లాడు. వెస్ట్ పట్టీలు తనే బిగించి, కాలర్‌కూ హెల్మెట్‌కూ మధ్య రెండు వేళ్లు దూర్చి ఖాళీ సరిచూశాడు. బావ మాత్రం అద్దంలో చూసుకుని, తాబేలులా ఉన్నానా అని భార్యను ఆటపట్టించాడు. చెల్లెలు కాఫీ తెచ్చిచ్చి, ఎన్నాళ్లకో స్థిమితంగా కూర్చుంది.

"నువ్వు చూశావంటే నాకింక దిగుల్లేదన్నయ్యా."

ఆ కాఫీని తాగకుండానే పక్కన పెట్టేశాడు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ పట్టీ ఇంకొంచెం వదులు చెయ్యనా బావా అనే అడిగాడు. తన మీద తనకే ఛీ అనిపించింది.

దళం యార్డులో ఎనిమిది బండ్లూ వరసగా నిలబడి ఉన్నాయి. రైడర్లు ఎక్కి కూర్చుని తాళ్లు తగిలించుకున్నారు. గేటు దాటగానే మెయిన్ రోడ్డు, అక్కడ మంత్రి కారు వచ్చి కలుస్తుంది. కంపెనీ వ్యాన్‌లో వచ్చిన మేడమ్ నల్ల కళ్లద్దాలు సర్దుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఎల్ సైజు ఉందా?" అని అడిగాడు తాళంకప్ప. అది కోడ్.

"ఉంది. వదులైతే నా తప్పు కాదు." అంటే అంతా అనుకున్నట్టే ఉందని.

అంతలో అతని హెల్మెట్‌లోని ఇయర్‌పీస్ గురగురలాడింది. బాస్ గొంతు. ఫ్లైఓవర్ అంతా జల్లెడ పట్టారు, ఎవడూ లేడు. అయినా కాన్వాయ్ కదలాల్సిందే. నొక్కేవాడు ఎక్కడో ఒకచోట నొక్కుతాడు, సిగ్నల్ పట్టుకుని వాణ్ణి దొరకబుచ్చుకుందాం.

"అప్పటికి మావాళ్లు పడిపోతారు సార్."

"కారును మనవాళ్లు కాపాడతారు. నువ్వు కదలకు."

రైడర్లను ఎవరు కాపాడతారో బాస్ చెప్పలేదు. ఇంజన్లు స్టార్టయ్యాయి. బావ దూరం నుంచే బొటనవేలు ఎత్తి చూపించి నవ్వాడు. అరిచి చెబుదామంటే ఆ నొక్కేవాడు ఎక్కడ విని ఏం చేస్తాడో తెలియదు.

ఈ దళానికి ఒక అలవాటుంది. తమవాడెవడైనా పడితే చాలు, బండి ఎక్కడిదక్కడ వదిలేసి దూకి పరిగెత్తుతారు. ఆ తొందరలో తాడు విప్పడం మరిచిపోతారు. ట్రైనింగ్‌లో అలా ఎన్ని సిలిండర్లు దండగ చేశారో! నిలబడ్డ బండి దగ్గర వెస్ట్ పేలితే ఎవరికీ ఏమీ కాదు, నవ్వులపాలవుతారంతే. పేలిపోయిన వెస్ట్‌ను మళ్లీ ఎవడూ పేల్చలేడు.

తాళంకప్ప ఇంకేమీ ఆలోచించలేదు. గోడవారగా ఉన్న డెమో బండి ఎక్కి గేరు వేసి, వరస ముందుకు దూసుకొచ్చి, ఉన్నట్టుండి ముందు బ్రేకు గట్టిగా నొక్కాడు. తలకు హెల్మెట్ తప్ప ఒంటి మీద ఏ రక్షణా లేదు. బండి అడ్డంగా జారి, కాలి మీద పడి, అతన్ని సిమెంటు నేల మీద ఈడ్చుకుపోయింది. కాలు విరిగిన చప్పుడు అతనికే వినబడింది.

రైడర్లు దూకారు. ధప్, ధప్, ధప్! ఉబ్బిన మెడలతో, పిలిచిన పేరంటానికి వచ్చినట్టు, అందరూ అతని చుట్టూ మూగారు. ఒక్క బావ తప్ప. ఆయన మహా జాగ్రత్తపరుడు. అంత కంగారులోనూ తాడు విప్పి చేత్తో పట్టుకుని మరీ వచ్చి, అతని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ వెస్ట్ ఇంకా పేలలేదు.

అందరూ పడ్డవాడి వంక చూస్తున్నారు. మేడమ్ ఒక్కతే వెస్ట్‌ల వంక చూస్తోంది. పేలినవన్నీ విప్పి ఇచ్చేయండి, వ్యాన్‌లో కొత్తవి ఉన్నాయి, అయిదు నిమిషాల్లో బయల్దేరవచ్చు అంటూ తనే పట్టీలు లాగబోయింది. ఆమె చేతిలో కారు తాళంచెవి ఉంది. వచ్చింది కంపెనీ వ్యాన్‌లో, డ్రైవర్ వేరే ఉన్నాడు. మరి ఈ తాళం దేనికి?

తాళంకప్ప పడి ఉన్నచోటి నుంచే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. పెనుగులాటలో ఆమె బొటనవేలు తాళంచెవి మీది బటన్‌ను నొక్కింది.

బావ వెస్ట్ ధప్పుమంది. కాలర్ ఎగదన్ని హెల్మెట్‌ను ముందుకు తోసింది, గడ్డం ఛాతీకి ఆనేదాకా తల వంగిపోయింది, హెల్మెట్ కళ్లకు అడ్డం పడింది. గుడ్డివాడిలా చేతులు చాచి తడుముకున్నాడు ఆయన. ఎందుకలా అయిందో మిగతావాళ్లకు తెలియలేదు. ఆ చేతులు చూడలేక తాళంకప్ప కళ్లు మూసుకున్నాడు.

ఆమెను వదలొద్దని అతను అరవగానే మేడమ్‌ను ఆ ఏడుగురూ పట్టుకున్నారు. మంత్రి వేరే ఎస్కార్ట్‌తో వెళ్లి సంతకం పెట్టాడు. ఆర్డర్ లేకుండా ఎందుకు పడ్డావని బాస్ ఫోన్‌లో నిలదీశాడు. జారిపోయానన్నాడు తాళంకప్ప.

ఆస్పత్రికి బావ వచ్చి, తాళంకప్ప మంచం పక్కన కూర్చున్నాడు.

"తాడు నా చేతిలోనే ఉంది. అయినా పేలింది" అన్నాడు. "పొద్దున పట్టీలు బిగించినప్పుడు నీకు తెలుసా బావా?"

"తెలుసు."

"మీ చెల్లెలికి నేను చెప్పను. నువ్వే చెప్పుకో." లేచి వెళ్లిపోయాడు. తలుపు మాత్రం నెమ్మదిగానే వేశాడు.

చెల్లెలు వచ్చేసరికి ఎన్ని కట్టుకథలైనా అల్లగలడు. ఒక్కటీ అల్లలేదు. ఉన్నదున్నట్టు అంతా చెప్పేశాడు, కాఫీ తాగలేకపోయిన సంగతితో సహా. నన్ను క్షమించమ్మా అన్నాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. దుప్పటి అంచు సర్దుతూ ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ వరసలో ఆయన కాకుండా అందరూ వేరేవాళ్ల మొగుళ్లే ఉంటే, పడేవాడివా అన్నయ్యా?"

అంతలో నర్సు వచ్చి, మొహం అలా పెట్టారేం, నొప్పి ఎక్కడ అని అడిగింది. కాలు అన్నాడు. అబద్ధాలాడటమే కదా అతని ఉద్యోగం.