రెండో వరస గీతలు

భోజనాలవేళకి ప్రయోగశాల అంతా ఖాళీ అయిపోయింది. అక్క మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఆరు నెలల కిందట కనబడకుండా పోయిన తమ్ముడి కబురు ఇవాళ తేలబోతోంది, అదీ ఆమె చేతులమీదుగానే.

మనవాళ్ళ పరీక్ష మనం చేయకూడదన్నది అక్కడి కట్టుబాటు. కానీ ఆమె మొహం చూసి పెద్దసారు కాదనలేకపోయాడు.

"ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో అమ్మాయ్. ఫొటో తీసి, నేను కూడా చూశాకే ఎవరికైనా చెప్పేది," అని భోజనానికి వెళ్ళాడు.

బల్లమీద పెట్టెలో, ఉప్పునీళ్ళలో మునిగి జెల్లీ మిఠాయిలాంటి జెల్ పలక ఒకటి ఉంది. మొదటిసారి దాన్ని చూసినప్పుడు తమ్ముడు, "చక్కెర వేయడం మర్చిపోయారక్కా," అని పగలబడి నవ్వాడు. దాని ఒక అంచున చిన్న చిన్న గుంటలు. మొదటి గుంటలో పొడవు తెలిసిన డీఎన్ఏ ముక్కలు పోసింది, అవే కొలబద్ద. రెండోదాంట్లో ఇసుక తవ్వకాల్లో దొరికిన ఎముకలోంచి తీసిన డీఎన్ఏ. మూడోదాంట్లో తమ్ముడి పళ్ళ బ్రష్షు మీది డీఎన్ఏ.

కరెంటు పెట్టగానే ముక్కలన్నీ ఎర్రతీగ వైపు పరుగు మొదలుపెడతాయి. చిన్నవి జెల్ సందుల్లోంచి చకచకా దూరిపోతాయి, పెద్దవి ఆయాసపడుతూ వెనకబడతాయి. ఒకే పొడవున్నవి ఒకచోట గీతలా చేరతాయి. రెండు, మూడు గుంటల కింది వరసల్లో గీతలు ఒకే ఎత్తులో నిలిస్తే ఎముక వాడిదే. నిలవకపోతే ఇంకా ఆశ ఉన్నట్టే.

గంటసేపు బుడగల చప్పుడు వింటూ కూర్చుంది. తర్వాత కరెంటు తీసేసి, పలకను చీకటిగదిలోకి తీసుకెళ్ళి, నల్లతెర లాగి, డీఎన్ఏని మెరిపించే ఊదారంగు లైటు వేసింది.

గీతలు మెరిశాయి. రెండో వరసవి పైన, మూడో వరసవి కింద. వేలెడంత తేడా!

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఫొటో మర్చిపోయింది. సారు మాటా మర్చిపోయింది. అమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, అది వాడు కాదు!"

"నీకు నూరేళ్ళే! నేనే చేద్దామనుకుంటున్నా. వాడు ఇంటికొచ్చి పావుగంటైంది."

అక్క గోడకి చేరబడిపోయింది. "ఎలా ఉన్నాడమ్మా?"

"చిక్కి సగమయ్యాడే. ఒళ్ళంతా ఇసుక. మాటా పలుకూ లేదు. వచ్చిందగ్గర్నుంచీ కిటికీలు మూస్తున్నాడు."

ఆమె చూపు పలకమీద పడింది.

రెండో వరస గీతలు ఇందాక ఉన్నచోట లేవు.

కళ్ళు నులుముకుంది. కరెంటు పెట్టె పక్కగదిలో ఉంది. ఈ పలకకి తీగే లేదు. అయినా... జరుగుతున్నాయి. కొలబద్ద కదల్లేదు. మూడో వరస కదల్లేదు. అదొక్కటే... మెల్లగా... కిందికి...

ఆగాయి. మూడో వరస గీతల పక్కనే. వెంట్రుకవాసి తేడా లేకుండా.

ఎముక తమ్ముడిది. మరి ఇంట్లో ఉన్నది...?

"అమ్మా," అంది ఫోన్ చెవికి అదుముకుని. "బయటికి వచ్చెయ్. ఇప్పుడే. చెప్పులు కూడా వేసుకోకు."

"ఎలా వచ్చేదే? తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు."

ఇల్లు అక్కణ్ణుంచి గంట ప్రయాణం. పక్కింటివాళ్ళ నంబరు కూడా ఆమె దగ్గర లేదు. ఏడవడం తప్ప ఏం చేయాలో తోచలేదు.

"ఉండు, నీతో మాట్లాడతాడట," అంది అమ్మ.

ఫోన్‌లో సన్నగా ఏదో రాలుతున్న చప్పుడు. తర్వాత... వాడి గొంతే.

"అక్కా... ఆ ఊదా లైటు ఆర్పెయ్యవా? ఒళ్ళు మండిపోతోంది."

వద్దనుకుంటూనే ఆమె చెయ్యి స్విచ్చు మీదికి వెళ్ళింది. గది చీకటైపోయింది.

"ఫోన్ అమ్మకివ్వరా," అని బతిమాలింది. "ఒక్కసారి... నీకు దణ్ణం పెడతాను..."

అవతల అమ్మ కేక సగంలో ఆగి, ఆ రాలే చప్పుడొక్కటే మిగిలింది.

లైటు ఆరినా రెండో వరస వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో, ఆమె ఏమీ పోయని ఒక గుంటలోంచి కొత్త గీత ఒకటి మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది.